టైటన్ గాలిలో ఆక్సిజన్: లోపలిదా, బయటిదా?

శని ఉపగ్రహాల్లో అన్నిటికంటే పెద్దది టైటన్. దాన్ని కమ్ముకున్న వాతావరణం భూమి వాతావరణం కన్నా దట్టమైనది. ఉపరితలం దగ్గర గాలి పీడనం భూమి మీదకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, ఉష్ణోగ్రత మైనస్ 179 డిగ్రీల సెల్సియస్. గాలిలో 95 శాతం దాకా నైట్రోజన్. మిగిలినదంతా దాదాపు మీథేనే. సూర్యుడి అతినీలలోహిత కాంతి, శని అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు ఈ రెండు వాయువుల అణువులను విరగ్గొడతాయి. ఆ ముక్కలు మళ్ళీ మళ్ళీ అతుక్కుని పెద్దవై నారింజరంగు పొగమంచుగా మారతాయి. హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్ పుష్కలంగా ఉన్న ఈ గాలిలో స్వేచ్ఛగా తిరిగే ఆక్సిజన్‌కు చోటు లేదు. అయినా మూడు ఆక్సిజన్ సమ్మేళనాలు అక్కడ కనిపిస్తున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల అణువులకు సుమారు 50. కార్బన్ డయాక్సైడ్ వంద కోట్లకు సుమారు 15. స్ట్రాటోస్ఫియర్‌లో నీటి ఆవిరి వంద కోట్లకు ఒకటి కన్నా తక్కువ.

టైటన్‌లో ఆక్సిజన్ కరువేమీ లేదు. దాని ద్రవ్యరాశిలో దాదాపు సగం నీటిమంచే. కానీ మైనస్ 179 డిగ్రీల దగ్గర ఆ మంచు రాయితో సమానం; దాని నుంచి ఆవిరి లేచే మాటే లేదు. కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ చలిలో గడ్డకడుతుంది. మూడింటిలోనూ గడ్డకట్టకుండా వాయువుగా నిలిచేది కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే. నేలలో ఇంత ఆక్సిజన్ ఉండి, గాలిలోకి లేచే దారి లేనప్పుడు, పైన కనిపిస్తున్నది ఎక్కడిది? నాలుగు దశాబ్దాలుగా నడుస్తున్న చర్చకు మూలం ఇదే.

తొలి ఆనవాళ్ళు

టైటన్‌ను 1655లో క్రిస్టియాన్ హైగెన్స్ కనిపెట్టాడు. దానికి వాతావరణం ఉందని 1944లో గెరార్డ్ కైపర్ మీథేన్ వర్ణపట రేఖల ద్వారా రుజువు చేశాడు. నైట్రోజనే ప్రధాన వాయువని తేలింది మాత్రం 1980 నవంబరు 12న వాయేజర్-1 దాని పక్కగా దూసుకుపోయినప్పుడు. ఆ నౌకలోని పరారుణ స్పెక్ట్రోమీటర్ రాబట్టిన సమాచారాన్ని జల్లెడ పట్టిన రాబర్ట్ శామ్యూల్సన్ బృందం 1983లో కార్బన్ డయాక్సైడ్ ఉనికిని ప్రకటించింది. అదే ఏడాది బారీ లట్జ్, కేథరీన్ ద బెర్, టోబియాస్ ఓవెన్ భూమి మీది టెలిస్కోపుతో కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తించారు.

శామ్యూల్సన్ బృందం అప్పుడే ఒక వివరణ కూడా ఇచ్చింది. కార్బన్ డయాక్సైడ్ పైనుంచి కిందికి దిగి చలిలో గడ్డకట్టి పడిపోతూ ఉంటుంది కాబట్టి, అది నిత్యం తయారవుతూ ఉండాలి. తయారవడానికి కార్బన్ మోనాక్సైడ్‌తో హైడ్రాక్సిల్ ముక్క కలవాలి. హైడ్రాక్సిల్ నీటి నుంచి రావాలి. ఆ నీరు ఆకాశం నుంచి, ఉల్కాధూళితో పాటు రావచ్చు. 1984లో యుక్ యుంగ్, మార్క్ ఆలెన్, జోసెఫ్ పింటో ప్రచురించిన కాంతిరసాయన నమూనా ఈ గొలుసును లెక్కల్లోకి ఎక్కించింది. తర్వాత వచ్చిన నమూనాలన్నీ ఏదో ఒక మేరకు దానికి వారసులే.

నీటి ఆవిరి కనబడడానికి మరికొంత కాలం పట్టింది. భూమి వాతావరణంలోని తేమ అడ్డం కాబట్టి దాన్ని కింది నుంచి చూడడం కుదరదు. యూరప్ పరారుణ అంతరిక్ష టెలిస్కోపు ఐఎస్ఓ సేకరించిన వర్ణపటంలో అథెనా కుస్తెనిస్ బృందం 1998లో దాన్ని పట్టుకుంది. 400 కిలోమీటర్ల ఎత్తున వంద కోట్లకు 8 పాళ్ళని అంచనా వేసింది.

కొలతల దగ్గరే మొదలైన పేచీ

మూలం సంగతి తేలాలంటే ముందు ఎంత ఉందో తెలియాలి. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో ఇరవై ఏళ్ళపాటు అదే తెగలేదు. తొలి కొలత పది లక్షలకు 60 ప్రాంతం. 1988లో ఆండ్రే మార్తెన్ బృందం మిల్లీమీటర్ తరంగాలతో స్ట్రాటోస్ఫియర్‌లో వెతికి, 2 మాత్రమే అంది. 1995లో మార్క్ గర్వెల్, డ్వెయిన్ మూల్మన్ మళ్ళీ 50కి తెచ్చారు. 1998లో మరో బృందం 27 అంది.

ఈ తేడాలు పైకి చిల్లర లెక్కల్లా కనిపించినా వాటి మీద పెద్ద విషయమే ఆధారపడింది. కార్బన్ మోనాక్సైడ్ గడ్డకట్టదు, రసాయనికంగా తేలిగ్గా లొంగదు. దాని ఆయుష్షు కోట్ల సంవత్సరాలు. అంత కాలం నిలిచే వాయువు గాలి అంతటా ఒకే పాళ్ళలో కలిసిపోవాలి. కింద ఎక్కువ, పైన తక్కువ ఉంటే నేల నుంచి ఇటీవలే ఏదో వెలువడిందని అర్థం. పైన ఎక్కువ ఉంటే బయటి నుంచి హఠాత్తుగా ఏదో పడిందని అర్థం. శనిని పరిశీలించడానికి కాసినీ నౌక అక్కడికి వెళ్ళాక ఈ వాదులాట సద్దుమణిగింది. 2007లో రెమ్కో ద కోక్ బృందం కాసినీ పరారుణ కొలతల నుంచి 47 అంది. 2016లో జోసెఫ్ సెరిగానో బృందం చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల సమూహంతో 49.6 అని తేల్చింది. కార్బన్ మోనాక్సైడ్ ఎత్తుతో మారకుండా సమంగా ఉందనేది ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకునే సంగతి. అంటే హఠాత్తు సంఘటన కథలకు కార్బన్ మోనాక్సైడ్ నుంచి మద్దతు దొరకదు.

లోపలి నుంచి వచ్చిందనే వాదం

మొదటి వర్గం వాదన సూటిగా ఉంటుంది. టైటన్ పుట్టినప్పుడే మంచులో కార్బన్ మోనాక్సైడ్ చిక్కుకుంది; తర్వాత మీథేన్ బయటికి వచ్చినట్టే అదీ వచ్చింది. టైటన్ గాలిలో ఆర్గాన్-40 ఉందని కాసినీ మోసుకెళ్ళిన హైగెన్స్ ల్యాండర్ కనిపెట్టింది. శిలల్లోని పొటాషియం క్షీణిస్తేనే అది పుడుతుంది. కనుక లోపలి వాయువులు బయటికి వచ్చే దారి ఉందని ఈ వర్గానికి గట్టి ఆధారం దొరికినట్టే.

2002లో ఈ వాదానికి రసాయనశాస్త్రం నుంచి మరో బలం చేకూరింది. పాత నమూనాల్లో హైడ్రాక్సిల్, మీథేన్ విరిగితే వచ్చే మిథైల్ రాడికల్ కలిస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని రాసుకున్నారు. ఆ చర్యలో ఎక్కువగా నీరే తిరిగి తయారవుతుందని ప్రయోగశాలల్లో తేలింది. అంటే బయటి నుంచి ఎంత నీరు పడినా అది నీరుగానే చక్కర్లు కొడుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌గా మారదు. దీంతో వాంగ్, మోర్గన్, యుంగ్, ఓవెన్ ఇప్పుడున్న కార్బన్ మోనాక్సైడ్ ఆదిమ కాలపు నిల్వలో మిగిలిన భాగమని ప్రతిపాదించారు.

మూడేళ్ళకే ఎదురుదెబ్బ తగిలింది. 2005 జనవరి 14న టైటన్ మీద దిగిన హైగెన్స్, ఆదిమ వాయువైన ఆర్గాన్-36ను అతి స్వల్పంగానే చూసింది. క్రిప్టాన్, జెనాన్ దానికి కనిపించనేలేదు. ఆర్గాన్, నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ మూడూ మంచులో చిక్కుకోవడానికి దాదాపు ఒకే స్థాయి అతిశీతలం కావాలి. ఆర్గాన్ చిక్కకపోతే మిగతా రెండూ చిక్కి ఉండవు. అందుకే టైటన్ నైట్రోజన్ మొదట అమోనియా రూపంలో వచ్చి, తర్వాత విడిపోయిందని ఇప్పుడు ఎక్కువమంది నమ్ముతున్నారు. నైట్రోజన్ ఐసోటోపుల నిష్పత్తి కూడా ఆ పక్కకే మొగ్గుతుంది.

అయితే ఈ తర్కంలో సందు లేకపోలేదు. మంచు స్ఫటికాల పంజరాల్లో కొన్ని వాయువులు ఇప్పటికీ బందీలుగా ఉండి ఉండవచ్చు. పొగమంచు రేణువులు జెనాన్ వంటివాటిని మింగి ఉండవచ్చు. లోపలి వాదం ఓడిందనే కన్నా, తన భారాన్ని మోయగల సాక్ష్యం లేక వెనకబడిందనడం సబబు.

ఆకాశం నుంచి రాలే ధూళి

రెండో వర్గం సౌరకుటుంబమంతటా తిరిగే సూక్ష్మ ఉల్కాధూళిని చూపిస్తుంది. మంచు కలిసిన ఈ రేణువులు టైటన్ పైగాలిలో రాపిడికి ఆవిరై నీటిని వదులుతాయి. ఇది ఊహ కాదు. గురు, శని, యురేనస్, నెప్ట్యూన్‌ల స్ట్రాటోస్ఫియర్లలో కూడా బయటి నుంచి వచ్చిన నీరు కనిపిస్తుంది. గురుడి విషయంలో దాని ప్రధాన మూలం 1994లో ఢీకొట్టిన షూమేకర్-లెవీ 9 తోకచుక్క అని హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు తేల్చింది. 1990ల నాటి టైటన్ నమూనాలు చాలావరకు ఈ ధూళినే మూలంగా తీసుకున్నాయి. పేచీ ఎక్కడంటే, శని ప్రాంతంలో ధూళి ఎంత రాలుతుందో అప్పట్లో ఎవరూ కొలవలేదు. నమూనాకు ఎంత నీరు కావాలో అంత ధూళి ఉందని అనుకోవడం జరిగింది. ఇది వివరణ కన్నా సర్దుబాటుకే దగ్గర.

ఎన్సెలాడస్ రంగప్రవేశం

2005లో కాసినీ అనుకోని మూలాన్ని బయటపెట్టింది. కేవలం 504 కిలోమీటర్ల వ్యాసం ఉన్న మరో శని ఉపగ్రహం ఎన్సెలాడస్ దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు ధారలుగా ఎగజిమ్ముతున్నాయి. సెకనుకు రెండు, మూడు వందల కిలోల నీరు అలా అంతరిక్షంలోకి పోతోంది. అది శని చుట్టూ వలయంలా పరుచుకుని, సూర్యకాంతికి, ఢీకొనే కణాలకు విడిపోయి హైడ్రాక్సిల్‌గా, ఆక్సిజన్ పరమాణువులుగా, అయాన్లుగా మారుతుంది.

ఇక్కడ వాయేజర్ నాటి ఒక సందిగ్ధం గుర్తుచేసుకోవాలి. శని అయస్కాంత క్షేత్రంలో భారీ అయాన్లు ఉన్నాయని వాయేజర్ పసిగట్టింది గానీ, అవి నైట్రోజనా, ఆక్సిజనా అని దాని పరికరం విడదీయలేకపోయింది. పక్కనే నైట్రోజన్ గాలి ఉన్న టైటన్ ఉంది కాబట్టి, అవి దాన్నుంచి తప్పించుకున్న నైట్రోజన్ అయాన్లేనని చాలామంది అనుకున్నారు. కాసినీ ప్లాస్మా పరికరం వాటిని నీటి కుటుంబపు అయాన్లని తేల్చింది. టైటన్ శని వ్యవస్థకు ఇచ్చేదని అనుకున్నది, నిజానికి అది పుచ్చుకునేదన్నమాట. 2006లో రిచర్డ్ హార్టిల్ బృందం టైటన్ పైగాలిలోకి ఆక్సిజన్ అయాన్లు చొరబడుతున్నాయని ప్రకటించింది.

2008లో సారా హోర్స్ట్, వెరోనిక్ వ్యూటన్, రోజర్ యెల్ వెలువరించిన అధ్యయనం కార్బన్ మోనాక్సైడ్ ఎలా పుడుతుందన్న ముడిని విప్పింది. ఈ చర్చలో అన్నిటికంటే పెద్ద మలుపు అదే. హైడ్రాక్సిల్‌తో జరగని పని ఆక్సిజన్ పరమాణువుతో జరుగుతుందని వాళ్ళు చూపించారు. ఆక్సిజన్ అయాన్ సుమారు 1,100 కిలోమీటర్ల ఎత్తున ఆగి, ఆవేశం కోల్పోయి, మిథైల్ రాడికల్‌తో కలుస్తుంది. ఆ చర్య ఫార్మాల్డిహైడ్ మీదుగానో, నేరుగానో కార్బన్ మోనాక్సైడ్‌కు దారితీస్తుంది. హైడ్రాక్సిల్ ఆ కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను ఇస్తుంది. కాబట్టి రెండు రకాల రాక కావాలి. ప్రతి చదరపు సెంటీమీటరుకు సెకనుకు 16 లక్షల ఆక్సిజన్ అయాన్లు, 26 లక్షల హైడ్రాక్సిల్ లేదా నీటి అణువులు పడితే మూడు సమ్మేళనాలూ కొలతలకు దగ్గరగా వస్తాయని వాళ్ళ నమూనా చెప్పింది.

ఈ అంకెలు వినడానికి పెద్దవి. టైటన్ ఉపరితలమంతటికీ లెక్కవేస్తే మాత్రం ఆక్సిజన్ అయాన్ల బరువు సెకనుకు 35 గ్రాములే. ఎన్సెలాడస్ చిమ్మేదాంట్లో ఇది ఏడెనిమిది వేలవ వంతు. శని నుంచి ఎన్సెలాడస్ 2.38 లక్షల కిలోమీటర్ల దూరంలో, టైటన్ 12.2 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్నా, ఇంత చిన్న వాటా అక్కడికి చేరడం వింతేమీ కాదు.

మూడు ఆయుష్షులు, ఒక లెక్క

2012 తర్వాత చర్చ మళ్ళీ చిక్కుపడింది. వలేరియా కొత్తీని బృందం కాసినీ కొలతల నుంచి నీటి ఆవిరి 97 కిలోమీటర్ల ఎత్తున వంద కోట్లకు 0.14, 225 కిలోమీటర్ల ఎత్తున 0.45 మాత్రమే అని చెప్పింది. అదే ఏడు రఫాయెల్ మొరేనో బృందం హెర్షెల్‌తో చూసి, పాత నమూనాలకు కావలసినదాంట్లో దాదాపు పదో వంతు నీరు వస్తే ఇప్పుడున్న ఆవిరికి చాలునని తేల్చింది. కానీ అంత తక్కువ నీటితో ఇప్పుడున్న కార్బన్ డయాక్సైడ్ పుట్టదు. నీటిని సరిపెడితే కార్బన్ డయాక్సైడ్ చాలదు, దాన్ని సరిపెడితే నీరు పొంగిపోతుంది.

చెరువులో నీటిమట్టం చూసి వాగు ఎంత పారుతోందో చెప్పాలంటే, తూము గుండా ఎంత పోతోందో, ఆ మట్టం ఎన్నాళ్ళ పారుదలను చూపిస్తోందో కూడా తెలియాలి. టైటన్ స్ట్రాటోస్ఫియర్‌లో నీటి ఆవిరి ఆయుష్షు సుమారు ఒక దశాబ్దం. కార్బన్ డయాక్సైడ్‌ది శతాబ్దాలు. కార్బన్ మోనాక్సైడ్‌ది కోట్ల ఏళ్ళు. మొదటిది నిన్నటి రాకను చెబుతుంది, రెండోది కొన్ని తరాల సగటును, మూడోది భూగర్భ యుగాల సగటును. ఎప్పుడూ ఒకే వేగంతో ఆక్సిజన్ పడుతోందనుకుని మూడింటినీ ఒకే సమీకరణంలో ఇరికించడమే ఇటీవలి గందరగోళానికి సగం కారణం.

దీనికి రెండు పరిష్కారాలు ముందుకొచ్చాయి. నీటి రాక గత కొన్ని శతాబ్దాల్లో తగ్గిందనేది మొదటిది. ఎన్సెలాడస్ ధారలు ఒకప్పుడు ఇంకా ఉధృతంగా ఉండి ఉండవచ్చు. అలాగైతే కార్బన్ డయాక్సైడ్ పాత రోజుల జాడ, నీరు నేటి జాడ. రెండోది తూము వైపు చూస్తుంది: నీటి అణువులు పొగమంచు రేణువులకు అంటుకుని, నమూనాలు ఊహించినదానికంటే త్వరగా గాలి నుంచి తప్పుకుంటున్నాయి. 2014లో లూయిసా లారా బృందం కాలంతో మారే నమూనాలతో ఈ దారులను పరీక్షించింది. రెండిట్లో రెండోదే ప్రయోగశాలలో తేలగలిగేది. శతాబ్దాల కిందటి ఎన్సెలాడస్‌ను చూసే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

అసలు ఎన్సెలాడస్ నీరు టైటన్ దాకా సరిపడా చేరుతుందా అన్నదాని మీదా ఏకాభిప్రాయం లేదు. 2011లో పాల్ హార్టోగ్ బృందం హెర్షెల్‌తో ఎన్సెలాడస్ నీటి వలయాన్ని నేరుగా చూసింది. శని పైగాలిలోని నీటికి ఆ వలయం మూలం కాగలదని, టైటన్‌కు చాలదని ఆ బృందం భావించింది. వలయంలోని అణువులు ఒకదాన్నొకటి ఢీకొని ఎంత దూరం చెదురుతాయన్నదాని మీద ఈ తీర్పు ఆధారపడి ఉంటుంది.

సల్ఫర్, ఐసోటోపులు

ధూళికీ ఎన్సెలాడస్‌కూ మధ్య తీర్పు చెప్పగల సాక్షి సల్ఫర్. ఉల్కాధూళిలో ఆక్సిజన్‌తో పోలిస్తే సల్ఫర్ నూరో వంతు ప్రాంతం. ఎన్సెలాడస్ ధారల్లో లక్షో వంతు. ధూళే మూలమైతే టైటన్ గాలిలో కార్బన్ మోనోసల్ఫైడ్ కనిపించాలి. నికొలస్ టీన్బీ బృందం ఆల్మాతో దానికోసం వెతికి 2018లో ఫలితం ప్రకటించింది. ఆ వాయువు కనిపించలేదు. 100 కిలోమీటర్ల పైన వంద కోట్లకు 0.0074 కన్నా ఎక్కువ లేదని మాత్రం గీత గీయగలిగారు. ధూళి భారీగా రాలుతోందనే నమూనా దీంతో కొట్టుకుపోయింది. మితంగా రాలుతోందనే నమూనా మిగిలింది.

ఆక్సిజన్ ఐసోటోపులు ఇంకా తక్కువ మాట్లాడాయి. టైటన్‌లో భారీ ఆక్సిజన్-18 భూమి మీదకంటే రెట్టింపు ఉందని 1990ల చివర ఒక రేడియో కొలత సూచించింది. సెరిగానో బృందం 2016లో సాధారణ ఆక్సిజన్‌కూ దానికీ నిష్పత్తి 414 అని చెప్పింది, అటూ ఇటూ 45 తేడాతో. భూమి మీద అది సుమారు 499. అప్పటి సంచలనం చాలావరకు చల్లారింది. మిగిలిన కొద్దిపాటి తేడాతో మూలాన్ని వేరుచేయడం ఇప్పటికైతే కుదరదు.

తేలినవి, తేలనివి

మూడు వర్గాలనూ పక్కపక్కన పెడితే, ఏ వర్గమూ అన్ని పరీక్షల్లో నెగ్గలేదు. లోపలి మూలం కార్బన్ మోనాక్సైడ్‌ను వివరించగలదు. త్వరగా గడ్డకట్టి పడిపోయే నీటిని, కార్బన్ డయాక్సైడ్‌ను పైగాలిలో నిలబెట్టలేదు. ఉల్కాధూళి నీటిని ఇవ్వగలదు. ఆక్సిజన్‌ను పరమాణువుగా ఇవ్వలేదు కనుక కార్బన్ మోనాక్సైడ్ దగ్గర ఆగిపోతుంది. ఎన్సెలాడస్ రెండు రకాలనూ ఇస్తుంది. అది ఎంత ఇస్తుందన్నదే అనుమానం.

కార్బన్ మోనాక్సైడ్‌కు ఆక్సిజన్ అయాన్లే ముఖ్య దారి అన్నంత వరకు చర్చ ముగిసినట్టే. ఎన్సెలాడస్ పక్షం కూడా జవాబు చెప్పుకోవలసిన లెక్క ఒకటుంది. ఇప్పుడున్న కార్బన్ మోనాక్సైడ్ మొత్తం సుమారు 45,000 కోట్ల టన్నులు. నష్టమేమీ లేదనుకున్నా, నేటి అయాన్ల రాకతో అది పోగవడానికి ఇరవై కోట్ల ఏళ్ళ పైచిలుకు పడుతుంది. శని లోపలి ఉపగ్రహాలు పుట్టి పది కోట్ల ఏళ్ళే అయిందనే వాదం 2016లో వచ్చింది. దాన్ని అందరూ ఒప్పుకోలేదు. నిజమైతే మాత్రం, ఒకప్పుడు ఎన్సెలాడస్ ఇంకా జోరుగా చిమ్మి ఉండాలి, లేదా కొంత కార్బన్ మోనాక్సైడ్ టైటన్ సొంతమై ఉండాలి. మూలకు నెట్టేసిన లోపలి వాదానికి మళ్ళీ తలుపు తెరుచుకునేది ఇక్కడే.

ఈ కొద్దిపాటి ఆక్సిజన్‌కు ఇంత ప్రాముఖ్యం రావడానికి మరో కారణం ఉంది. టైటన్ పొగమంచును పోలిన పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి దానికి థోలిన్ అని పేరు పెట్టింది కార్ల్ సాగన్, భారత సంతతి శాస్త్రవేత్త బిషున్ ఖరే. 2012లో హోర్స్ట్ బృందం నైట్రోజన్, మీథేన్ మిశ్రమంలో కార్బన్ మోనాక్సైడ్ కూడా చేర్చి అలాంటి ప్రయోగమే చేసినప్పుడు, అమైనో ఆమ్లాలు, జన్యుపదార్థపు క్షారాలు పుట్టాయి. ద్రవజలం అవసరం లేకుండానే.

కాసినీ 2017 సెప్టెంబరు 15న శనిలో కలిసిపోయింది. ఆ తర్వాత జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఈ పని అందుకుంది. కార్బన్ మోనాక్సైడ్ తయారీకి కీలకమైన మిథైల్ రాడికల్‌ను టైటన్ గాలిలో తొలిసారి అది నేరుగా చూసింది. కానర్ నిక్సన్ బృందం 2025లో ఆ ఫలితాన్ని ప్రచురించింది. నాసా డ్రాగన్‌ఫ్లై 2028 జులైలో బయలుదేరి 2034లో టైటన్ చేరాలన్నది ప్రణాళిక. సెల్క్ బిలం పరిసరాల్లో ఎగురుతూ దిగుతూ అది నేల రసాయనాన్ని పరీక్షిస్తుంది. స్ట్రాటోస్ఫియర్‌లో నీరు ఎందుకు తక్కువగా ఉందో చెప్పే పరికరం దాంట్లో లేదు. ఆ ప్రశ్న ఆల్మా, వెబ్ వంటి దూరదర్శినుల చేతుల్లోనే ఉంది.